ఒకే ఉడుముకి రెండు ఒళ్ళు: పెరుగుతున్న సవానా మానిటర్‌కి వేడి సరిచేసిన కేసు

ముందు ఈ ఉడుముని పెంచుతున్న అబ్బాయి తల్లి అన్న మాట రాస్తాను, ఎందుకంటే జబ్బేమిటో సగం ఆవిడే కనిపెట్టేసింది. "డాక్టర్ గారూ, వీపు మీద చెయ్యి పెడితే పెనంలా ఉంది, తోక మొదట్లో పెడితే కుండలో నీళ్ళంత చల్లగా ఉంది. ఒకే ప్రాణికి రెండు ఒళ్ళు ఉన్నట్టుంది." మొదట్లో ఆవిడకి ఆ జీవిని ముట్టుకోవాలంటేనే భయం, ఉడుము ఇంట్లోకొస్తే అరిష్టమని వాళ్ళ నాయనమ్మ చెప్పేదట. కొడుకు స్కూలుకి వెళ్ళాక అది కదలకుండా పడుంటే బతికే ఉందా అని చెయ్యేసి చూసింది. ఆ చెయ్యి చెప్పిన సంగతి, ఆ గాజు పెట్టెకి అంటించిన థర్మామీటర్ పద్నాలుగు నెలల్లో ఒక్కసారీ చెప్పలేదు.

నేను తిరుపతి వెటర్నరీ కాలేజీలో చదివి, ఇక్కడ లైసెన్సు తెచ్చుకుని, డల్లాస్ శివార్లలో పక్షులూ సరీసృపాలూ ఎక్కువగా వచ్చే క్లినిక్‌లో పనిచేస్తున్నాను. ఈ కేసు ఆ కుటుంబం అనుమతితోనే రాస్తున్నాను. పెంచుతున్నది పదిహేనేళ్ళ అబ్బాయి. వాళ్ళ పేర్లు అక్కర్లేదు, ఉడుము పేరు మాత్రం మిర్చి.

ఇండియాలో ఉండి ఇది చదువుతున్నవాళ్ళకి ఒక్క మాట. మన పొలం గట్ల మీద కనిపించే ఉడుము 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టంలో మొదటి షెడ్యూల్ జీవి. పట్టుకున్నా, ఇంట్లో పెంచినా మూడు నుంచి ఏడేళ్ళ జైలు. దయచేసి దాని జోలికి వెళ్ళకండి. ఇక్కడ రాసేది అమెరికాలో చట్టబద్ధంగా అమ్మే ఆఫ్రికా జాతి గురించి.

మిర్చి సవానా మానిటర్ అనే జాతి ఉడుము. పశ్చిమ ఆఫ్రికా గడ్డి మైదానాల్లో బొరియలు తవ్వుకుని బతికే జాతి, ఇక్కడి షాపులకి చాలావరకు ఘనా, టోగో, బెనిన్ దేశాల నుంచి పిల్లలుగా వస్తాయి. కొన్నప్పుడు జానెడు కూడా లేదు, ఆరంగుళాలు. నా టేబుల్ మీదకొచ్చేసరికి ముక్కు నుంచి తోక కొస దాకా 27 అంగుళాలు, తోక వదిలేస్తే ఒళ్ళు 13 అంగుళాలు, బరువు 1,540 గ్రాములు. ఆ పొడవుకి ఆ బరువు ఎక్కువే. తోక మొదట్లో కొవ్వు పట్టి గుండ్రంగా తయారైంది, నడుస్తుంటే పొట్ట టేబుల్‌కి రాసుకుంటోంది.

తీసుకొచ్చిన కారణం: మూడు వారాలుగా తిండి తగ్గింది, రోజంతా బల్బు కిందే ఉంటోంది, ఒకసారి మూడు రోజుల కిందట తిన్న ఎలుక పిల్లని అరగకుండా కక్కేసింది, అది భరించలేనంత కంపు కొట్టింది. దానికి తోడు వీపు మీద, భుజాల మధ్య ఒక మచ్చ. ఇంట్లోవాళ్ళు చర్మం ఊడబోతోందేమో అనుకున్నారు. లైటు కింద దగ్గరగా చూస్తే రూపాయి బిళ్ళకంటే కాస్త పెద్దది, అంచులు గోధుమ రంగు, మధ్యలో పొలుసులు మాడిన అప్పడంలా పైకి లేచాయి, అంచు మీద వేలితో కొంచెం నొక్కితే ఒళ్ళు ముడుచుకుని బుస్సుమంది. అది కాలిన గాయం, కొత్తది కూడా కాదు, మానుతూ మళ్ళీ మళ్ళీ కాలుతున్నది.

ఎక్స్-రేలో పేగుల్లో అడ్డేమీ లేదు, కొవ్వు మాత్రం బాగా ఉంది. ఈ జాతిలో గౌట్ (ఒంట్లో యూరిక్ యాసిడ్ పేరుకుపోయే జబ్బు) భయం ఎప్పుడూ ఉంటుంది కాబట్టి రక్తం తీసి యూరిక్ యాసిడ్ చూశాను, అది మామూలుగానే ఉంది. నిజంగా ఊపిరి పీల్చుకున్నాను, ఎందుకంటే కిడ్నీలు పాడయ్యాక వచ్చే మానిటర్లకి చేయగలిగింది చాలా తక్కువ.

ఒకపక్క ఒళ్ళు కాలుతోంది, ఇంకోపక్క తిన్నది అరగడం లేదు. ఒకటి వేడి ఎక్కువైతే వచ్చేది, రెండోది వేడి చాలకపోతే వచ్చేది. ఈ రెండూ ఒకే జంతువులో కనిపిస్తే మందుల కంటే ముందు ఇల్లు చూడాలి. అందుకే ఆ శనివారం వాళ్ళింటికి వెళ్ళాను.

నాలుగడుగుల పొడవు, రెండడుగుల వెడల్పు, రెండడుగుల ఎత్తు గాజు పెట్టె, పైన జాలీ మూత. ఒక మూలన గొట్టంలాంటి డోమ్‌లో 150 వాట్ల స్పాట్ బల్బు, దాని కింద నల్లటి పలక రాయి, బల్బుకీ రాయికీ మధ్య తొమ్మిదంగుళాలు. రాత్రికి ఎర్ర బల్బు. వెనక గాజుకి అంటించిన గుండ్రటి థర్మామీటర్ 95 డిగ్రీల ఫారన్‌హీట్ చూపిస్తోంది. అబ్బాయి చాలా శ్రద్ధగలవాడు, రోజూ నోట్‌బుక్‌లో ఉష్ణోగ్రత రాసుకుంటున్నాడు. ఐఆర్ గన్, అంటే ముట్టుకోకుండా దూరం నుంచే వేడి కొలిచే పరికరం కూడా కొన్నాడు. ఎలా కొలుస్తావో చూపించమంటే, మిర్చి బెదురుతుందని మూత తీయకుండా, గాజు బయటి నుంచే రాయి మీదకి గురిపెట్టాడు. 88 చూపించింది.

అసలు తప్పు అక్కడ దొరికింది. ఐఆర్ గన్ చదివే కిరణాలు గాజులోంచి రావు, కాబట్టి గాజు బయట నుంచి కొలిస్తే తెలిసేది గాజు వేడి, అవతలి రాయి వేడి కాదు. పాపం వాడికి 88 కనిపించింది, పుస్తకాల్లో 120 పైన ఉండాలని చదివాడు, అందుకని రెండు నెలల కిందట 100 వాట్ల బల్బు తీసేసి 150 పెట్టాడు. మూత తీసి లోపలికి చెయ్యి పెట్టి కొలిచాను. రాయి నడుమ 168. అక్కడి నుంచి నాలుగంగుళాలు జరిగితే 104. ఎనిమిదంగుళాలకి 87.

తర్వాత పావుగంట కదలకుండా కూర్చుని, మిర్చి వచ్చి పడుకునేదాకా ఆగాం. వచ్చి భుజాలు సరిగ్గా ఆ వెలుగు చుక్క కింద పెట్టి ఒళ్ళంతా చాపేసింది. గన్ భుజాల మీద పెడితే 121, తుంటి మీద 84. ఒక్క అడుగు లోపే 37 డిగ్రీల తేడా. వాళ్ళమ్మ పక్కనే నిలబడి, "నేను చెప్పింది అదే కదండీ" అంది. అదే.

సంక్రాంతి రోజుల్లో చలిమంట ముందు కూర్చున్నవాళ్ళకి ఇది వెంటనే అర్థమవుతుంది. మొహం కాలిపోతుంటుంది, వీపు వణుకుతుంటుంది. మనమైతే తిరిగి కూర్చుంటాం, లేచి దూరం జరుగుతాం. ఉడుముకి లోపలి ఒళ్ళు దాదాపు 95 నుంచి 100 డిగ్రీల దాకా, అంటే 35 నుంచి 38 సెంటీగ్రేడ్ దాకా ఎక్కేవరకు ఎండ వదిలి వెళ్ళాలనిపించదు. వీపు మీద చిన్న చుక్క మాత్రమే వేడెక్కుతుంటే ఆ రక్తం మిగతా పెద్ద ఒంటిని వేడి చేయడానికే సరిపోదు, కాబట్టి అది గంటలకొద్దీ అక్కడే పడుంటుంది, కింద చర్మం మాడుతున్నా కదలదు. పొట్ట చల్లగా ఉంటుంది కాబట్టి తిన్నది అరగదు, లోపలే కుళ్ళుతుంది.

ఇందులో అబ్బాయి నిర్లక్ష్యం ఏమీ లేదు, ఇది వాడికి గట్టిగా చెప్పాను, ఎందుకంటే కళ్ళనిండా నీళ్ళు పెట్టుకున్నాడు. ఆరంగుళాల పిల్లకి ఆ ఒక్క బల్బు సరిగ్గా సరిపోయింది, వెలుగు చుక్కలో ఒళ్ళంతా పట్టేది. తర్వాత ఒళ్ళు పెరిగింది, చుక్క పెరగలేదు. దుప్పటి చాలకపోతే మనం కాళ్ళు ముడుచుకుంటాం, ఉడుము ముడుచుకోలేదు. ఇంకోటి, పెరిగే కొద్దీ వీపు ఎత్తు పెరుగుతుంది. రాయికీ బల్బుకీ తొమ్మిదంగుళాలు ఉన్నా, మిర్చి వీపు రాయికి మూడున్నర అంగుళాల పైన ఉంటుంది కాబట్టి వీపుకీ బల్బుకీ మిగిలింది ఐదున్నరే. దూరం తగ్గితే వేడి ఆ లెక్కన కాక, దాని వర్గం లెక్కన పెరుగుతుంది. స్పాట్ బల్బుకి ఈ లెక్క అచ్చుగుద్దినట్టు రాదు కానీ, రెట్టింపుకి పైనే అనుకోవచ్చు. రాయి మీద కొలిచి సరే అనుకునేవాళ్ళందరూ ఈ ఎత్తు మర్చిపోతారు. వీపు ఎత్తున ఒక చెక్క ముక్క పెట్టి దాని మీద కొలవాలి.

అదే రోజు 150 వాట్ల బల్బు, ఎర్ర బల్బు రెండూ తీయించాను. రాత్రి ఎర్ర వెలుగు వాటికి కనిపించదని అమ్మేటప్పుడు చెప్తారు, కనిపిస్తుంది, నిద్ర చెడుతుంది. వాళ్ళిల్లు రాత్రి 74 డిగ్రీలుంటుంది, ఆరోగ్యంగా ఉన్న సవానాకి రాత్రిపూట అది చాలు. తాత్కాలికంగా జాలీ మూత మీద ఇనుప ర్యాక్ ఒకటి ఎత్తుగా పెట్టి, వీపు నుంచి పన్నెండంగుళాల దూరంలో 50 వాట్ల హాలోజన్ ఫ్లడ్ బల్బులు రెండు, ఒళ్ళు చాపే దిక్కులోనే పక్కపక్కన పెట్టాం. మిగతా మూత రేకుతో కప్పాం, లేకపోతే వేడీ తేమా రెండూ పైకి పోతాయి. గాయానికి రోజూ పలచటి క్లోర్‌హెక్సిడిన్‌తో కడిగి సిల్వర్ సల్ఫాడయజిన్ క్రీము, నొప్పికి మెలాక్సికామ్, మట్టి అంటకుండా రెండు వారాలు కింద పేపర్ టవల్స్. ఎలుకలు పూర్తిగా బంద్. అడవిలో ఈ జాతి తినేది రోకలిబండలు, మిడతలు, పేడపురుగులు, నత్తల్లాంటివి, అందుకని డూబియా బొద్దింకలు, నత్తలు, అవి కూడా వారం ఆగి, ఒళ్ళు సరిగ్గా వేడెక్కుతోందని కొలిచి చూసుకున్నాకే మొదలుపెట్టించాను.

హాలోజనే ఎందుకని వాళ్ళ నాన్న అడిగారు, ఆయన ఇంజనీరు, పింగాణీ హీటర్ అయితే ఎక్కువ కాలం వస్తుంది కదా అన్నారు. హాలోజన్ వెలుగులో ఎండలో ఉన్నట్టే దగ్గరి పరారుణ కిరణాలు ఎక్కువ, అవి చర్మం దాటి లోపలి కండ దాకా వెళ్తాయి. పింగాణీ హీటర్ ఇచ్చేది పొడుగు తరంగాల వేడి, అది పై చర్మంలోనే ఆగిపోతుంది. రాత్రి గది మరీ చల్లబడితే గాలి వేడెక్కించడానికి అది పనికొస్తుంది, పగటి ఎండ స్థానంలో పనికిరాదు. ఫ్లడ్ అని ప్రత్యేకంగా చెప్పేది ఎందుకంటే, స్పాట్ బల్బు వెలుగు గరాటులోంచి పోసినట్టు ఒకచోటే పడుతుంది, ఫ్లడ్ జల్లెడ పట్టినట్టు పరుస్తుంది.

అసలు ఇల్లు కట్టడానికి ఐదు వారాలు పట్టింది. ఎనిమిది అడుగుల పొడవు, నాలుగు వెడల్పు, నాలుగు ఎత్తు, ప్లైవుడ్, లోపలంతా నీళ్ళు పట్టని పూత. అడుగున పద్దెనిమిది అంగుళాల మట్టీ ఇసుకా కలిపి, తడి పట్టి ఉండేలా. మట్టి ఎందుకింత అని అందరూ అడుగుతారు. బొరియలో తేమ 80 శాతం దాటి ఉంటేనే ఈ ప్రాణి పైన అంత ఎండ తట్టుకుంటుంది, ఎండిపోయిన పెట్టెలో ఎంత మంచి బల్బు పెట్టినా ఒంట్లో నీళ్ళు తగ్గి కిడ్నీలు దెబ్బతింటాయి. ఆ మట్టి బరువే దాదాపు రెండు టన్నులు, కాబట్టి పై అంతస్తులో కుదరదు, కింద కాంక్రీటు నేల మీద గదిలో పెట్టారు.

ఇక్కడ నా అంచనా ఒకటి తప్పింది, అది రాయకపోతే ఈ కేసు పూర్తి కాదు. పెట్టె పెద్దది కదా అని 90 వాట్లవి మూడు పెట్టమన్నాను. ఎండ చోట కొలతలు చక్కగా వచ్చాయి, 125 నుంచి 140. కానీ జాలీ మూత కాదు, మూసిన చెక్క పెట్టె; సాయంత్రానికి చల్లటి చివర గాలి 92కి ఎక్కింది. అంటే పారిపోవడానికి చోటు లేదు. మిర్చి మట్టిలోకి దూరి రెండు రోజులు బయటికి రాలేదు. అబ్బాయి రాత్రి పదకొండింటికి ఫోన్ చేశాడు, "అంకుల్, చచ్చిపోయిందా?" అని. బొరియ దగ్గర ప్రోబ్ (డిజిటల్ మీటర్ తీగ చివర ఉండే కొలిచే మొన) దించి చూడమన్నాను, 80 ఉంది, మట్టి కాపాడింది. మర్నాడు 90 వాట్లవి మూడూ తీసేసి 50వి మూడు పెట్టాం, డిమ్మర్ తగిలించాం, చల్లటి చివర కింద ఒకటి, వేడి చివర పైన ఒకటి చిన్న గాలి కంతలు కోయించాం. చల్లటి చివర 79కి దిగింది. ఎండ చోటు ఎంత వేడి ఉందో కొలిచినంత శ్రద్ధగా నీడ చోటు కూడా కొలవాలి, నేను మొదటి రోజు అది సాయంత్రం దాకా ఆగి చూసి ఉండాల్సింది.

లెక్క చూడండి. 50 వాట్లవి మూడంటే 150 వాట్లు. మిర్చి వీపు కాల్చిన పాత బల్బు కూడా 150 వాట్లే. కరెంటు అంతే, పరిచిన తీరు వేరు.

మూడు బల్బుల్నీ ఒకే వరసలో, ఒకదానికొకటి ఏడంగుళాల దూరంలో, గొలుసులకి వేలాడదీశాం, వీపు నుంచి పద్నాలుగు అంగుళాల ఎత్తున. గొలుసు ఎందుకంటే పెరిగే కొద్దీ ఒక్కో లింకు పైకి తీసుకోవచ్చు. బల్బుల చుట్టూ జాలీ తొడుగు తప్పనిసరి, ఇవి ఎగబాకుతాయి, ఉడుం పట్టు గురించి తెలుగువాళ్ళకి నేను చెప్పేదేముంది. హోల్డర్లు పింగాణీవే వాడాలి, ప్లాస్టిక్‌వి కరిగి మంటలు రేగిన ఇళ్ళు ఉన్నాయి. వేడి చివర గాలి 105 దాటితే కరెంటు ఆపేసే థర్మోస్టాట్ ఒకటి, పైన పొగ అలారం ఒకటి.

బల్బుల కింద పలక రాయి బదులు ప్లైవుడ్ పలకలు ఒకదాని మీద ఒకటి, మధ్యలో రెండు మూడు అంగుళాల సందు వదిలి పేర్చాం. అమెరికాలో మానిటర్లని పెంచి పిల్లలు చేయించిన ఫ్రాంక్ రీటీస్ పేరుతో దీన్ని రీటీస్ స్టాక్ అంటారు. పై పలక మీద 130, దాని కింద సందులో 110 ప్రాంతం, ఇంకా కింద 95, అడుగున 85. దాక్కునే ఉండి తనకి కావలసిన వేడి తనే ఎంచుకుంటుంది. బయటికి రావాలంటే భయపడే జంతువుకి ఇది వరం.

ఇక కొలత. అబ్బాయితో సుద్దముక్కతో పై పలక మీద పన్నెండు గళ్ళు గీయించాను. మూత తెరిచి, గన్ ఐదారు అంగుళాల దూరంలో నిటారుగా పట్టి, గడికొక్కటి చొప్పున చదవడం. మొదటి పటంలో తక్కువ 118, ఎక్కువ 136. ఇరవై డిగ్రీల లోపు తేడా ఉంటే నాకు చాలు. మెరిసే రేకు మీద కొలిస్తే గన్ తప్పు చెప్తుంది, పొడి చెక్క మీదే కొలవాలి. గాలి ఉష్ణోగ్రతకి ప్రోబ్ ఉన్న డిజిటల్ మీటర్ వాడాలి, గాజుకి అంటించే గుండ్రటివి తీసి పారేయండి.

యూవీబీకి (ఎండలో ఉండే, ఒంట్లో విటమిన్ డి తయారవడానికి కావలసిన కిరణాలకి) చుట్ట బల్బు తీసేసి, ఎండ చోటు మీదుగా పొడుగు టీ5 ట్యూబు పెట్టాం, వేడీ యూవీబీ ఒకేచోట పడాలి కాబట్టి. పగలు పన్నెండు గంటలు, రాత్రి పూర్తి చీకటి.

ఫలితం. కొత్త ఏర్పాటులో మూడో రోజు నుంచి మిర్చి ఎండలో ఉండే సమయం రోజంతా నుంచి ఒక్కో విడతకి ముప్పై నలభై నిమిషాలకి తగ్గింది. ఎండ కాచుకున్నాక అబ్బాయి కొలిచిన అంకెలు నాకు పంపాడు: భుజాలు 104, నడుము 102, తుంటి 99, తోక మొదలు 97. క్లినిక్‌లో వేడి ఎక్కించి క్లోయకా (మలమూత్రాలు బయటికొచ్చే ద్వారం) దగ్గర చూస్తే 97. కక్కడం మళ్ళీ జరగలేదు. రోజుకి రెండు మూడు గంటలు మట్టి తవ్వుతోంది, బొద్దింకల్ని వాసన పట్టి వేటాడుతోంది. పది వారాలకి పొడవు రెండంగుళాలు పెరిగింది, బరువు 1,540 నుంచి 1,410కి దిగింది. పెరుగుతున్న జంతువు బరువు తగ్గితే మామూలుగా కంగారు పడతాం, ఇక్కడ తగ్గింది కొవ్వు, నడిచేటప్పుడు పొట్ట నేలకి తగలడం లేదు. గాయం మూడుసార్లు చర్మం ఊడాక చదునైంది, అక్కడ పొలుసులు మళ్ళీ సరిగ్గా రావు, బూడిద రంగు మచ్చ ఉండిపోతుంది.

2021 ఫిబ్రవరిలో టెక్సాస్‌లో కరెంటు పోయిన రోజులు మాకందరికీ గుర్తే కాబట్టి దానికీ ఒక ఏర్పాటు చేశాం: థర్మోకోల్ పెట్టె, దిండు గలీబు, తువ్వాళ్ళలో చుట్టిన వేడినీళ్ళ సీసాలు. కరెంటు లేనన్ని రోజులు తిండి పెట్టకూడదు, చల్లటి పొట్టలో తిండి పడితే ఏమవుతుందో వాళ్ళు ఒకసారి చూశారు.

ప్రతి నెలా ఒకటో తారీఖున పన్నెండు గళ్ళ పటం, ఒంటి పొడవు, బరువు నాకు వస్తాయి. వచ్చేవన్నీ పోయిన నెలవాటి పక్కన పెట్టి చూస్తాను. మొన్నటి దాంట్లో ఒళ్ళు 15 అంగుళాలు దాటింది, పలక మీద తుంటి పడే చివరి రెండు గళ్ళు 109కి తగ్గాయి, ఎండ కాచుకున్నాక తోక మొదలు 93 దగ్గరే ఆగుతోంది. నాలుగో బల్బుకి వైరు ముందే లాగి పెట్టుకున్నాం. ఈ శనివారం అది బిగించి, నాలుగింటినీ ఒక లింకు పైకి ఎత్తి, డిమ్మర్ తగ్గించి, చల్లటి చివర సాయంత్రం దాకా కొలుస్తాం.